సభలో రామక్క ఊపిరి

చాయ్‌లో చక్కెర తగాదా ఆ ఇంట్లో అప్పటికి నాలుగో రోజుకు వచ్చింది.

“ఒక్క చెంచానే ఏసిన మామా. నోట్ల పెట్టుకుంటే నీళ్ల లెక్క ఉన్నది. తాగుండ్రి,” అంది అరుణశ్రీ.

“వద్దంటి గద. మీ అత్త వద్దన్నది,” అంటూ సారంగపాణి గ్లాసును చేత్తో పక్కకు జరిపాడు.

“అత్తమ్మ ఎప్పుడన్నది? బతికున్నన్ని రోజులు మీకు రెండు చెంచాలేసి పైన ఇంకింత జల్లిచ్చేది.”

“అప్పుడు ఏసింది. ఇప్పుడు వద్దంటున్నది. మొన్న ఫోన్ జేస్తే చెప్పలేదా, షుగరున్నోళ్లు తీపి ముట్టొద్దు బిడ్డా అని?”

గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సుజన తలెత్తింది. పినపాక నుంచి నిన్ననే వచ్చింది ఆ ఇంటి ఆడపడుచు. “అమ్మ నిన్ను బిడ్డా అంటదా నాయినా? జర సోయి తెచ్చుకోని మాట్లాడు.”

“అందర్నీ అంటది. కోట్ల మంది బిడ్డలైరంట ఇప్పుడు. అండ్ల నాకొకనికి వేరే పిలుపంటే ఏడ కుదుర్తది?”

సుజనకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. అరుణశ్రీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, చక్కెర లేని చాయ్ మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

సారంగపాణి భార్య రామక్క పోయి పదకొండు నెలలైంది. అక్షరం ముక్క రాని రామక్కకు రికార్డింగుల కోసం అరుణశ్రీ ఒక్కో వాక్యం చెవిలో చెబితే, ఆవిడ దాన్ని ఫోన్‌లోకి తన మాటగా తిరిగి చెప్పేది. ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడడం చేతకాక ప్రతి వాక్యానికీ ఒక ‘బిడ్డా’ తగిలించేది. ఆ గొంతుతోనే హైదరాబాద్‌లోని ఒక కంపెనీ వాళ్లు ‘తోడు’ అనే ఫోన్ లైను తయారుచేశారు. జ్వరమని, కాన్పని, మందులని ఎవరు ఏ వేళ ఫోన్ చేసినా మిషన్ రామక్క గొంతుతో జవాబిస్తుంది. ఇదంతా ఊరికి తెలుసు. ఆ కంపెనీకి తెలియనిదల్లా రామక్క బతికి లేదన్న సంగతే.

టేకులపల్లిలో ఆ కంపెనీ పెట్టిన రికార్డింగ్ సెంటరుకు అరుణశ్రీయే ఇన్‌చార్జి. చెప్పాల్సింది ఆమే. మొదటి నెల నోరు రాలేదు. తర్వాత అత్త గొంతే ఎంపికైందని తెలిసింది, ఇక ధైర్యం రాలేదు. నిన్న సాయంత్రం కంపెనీ నుంచి పద్మప్రియ చేసిన ఫోన్ దగ్గర కదా పోయినవారం మనం ఆగింది. రేపు పొద్దున్న ఆమె వస్తోంది. గొంతును ప్రపంచమంతటా వాడుకునేందుకు కొత్త ఒప్పందం. రామక్క స్వయంగా కెమెరా ముందు కూర్చుని ‘ఒప్పుకుంటున్న’ అనాలి.

“పర్ణశాల పోయిందని చెప్పు వదినా,” అంది సుజన వంటింట్లోకి వచ్చి. “మొక్కున్నది, వారం దాకా రాదని చెప్పు.”

“వారం తర్వాత?” అన్నాడు వెనకాలే వచ్చిన శివకుమార్. మణుగూరులో డంపర్ నడుపుతాడు. అక్కడే కిరాయి గదిలో ఉండి, సెలవు దొరికినప్పుడు ఇంటికొస్తాడు. “వారం తర్వాత అమ్మ వస్తదా?”

“వారంల ఏదో ఒకటి ఆలోచన జేస్తం. పోయిందని చెప్పినమనుకో, మనిషి ఒప్పుకోలేదని గొంతు బంద్ పెడ్తరు. నాయిన తట్టుకుంటడా? వదిన కొలువుండదు. సెంటర్ల పదహారు మంది ఆడోళ్లకు పని బోతది.”

“అదీ నిజమే,” అని శివకుమార్ భార్య మొహంలోకి చూశాడు. “నువ్వేమంటవ్?”

అరుణశ్రీ పొయ్యి వైపు తిరిగింది. చాయ్ పొంగింది.

మధ్యాహ్నం రెండున్నరకు టీవీ ముందు అందరూ కూర్చున్నారు. మంచు దేశంలో ఎక్కడో పెద్ద పెద్ద కంపెనీల వాళ్లంతా కూడి ప్రపంచ ఆర్థిక సమావేశం జరుపుకుంటున్నారు. కృత్రిమ మేధను చిన్న ప్రయోగాల నుంచి లక్షల ఊళ్లకు ఎలా విస్తరించాలి అన్నది ఆ పూట చర్చ. మాట్లాడే నలుగురిలో తమ కంపెనీ యజమాని అనిల్‌కుమార్ ఒకడు. సత్తుపల్లి వైపు రైతుల బిడ్డ. తెలుగులో వినడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేశామని పద్మప్రియ లింకు పంపింది. సుజన ఫోన్‌ను టీవీకి కలిపింది.

తెర మీద అద్దాల గోడ, దాని వెనక తెల్లటి కొండ. నాలుగు కుర్చీలు. ఒక పెద్ద బ్యాంకును నడిపే పొడవాటి ఆవిడ మొదట నోరు విప్పింది. ఆవిడ పెదవులు ఇంగ్లీషులో కదిలాయి. వినిపించింది మాత్రం రామక్క.

“మా బ్యాంకుల నలభై తీర్ల పనులు మిషన్లకు ఒప్పజెప్పినం. ఒక్క బ్రాంచిల జేస్తే మంచిగనే నడిచినయి. అన్ని బ్రాంచీలకు పోంగనే కూలినయి. నిలవడ్డయి మూడే.”

సుజన చేతిలోని రిమోట్ కింద పడింది.

“ఓరి, మీ అమ్మ కోటు దొడిగింది సూడు,” అన్నాడు సారంగపాణి.

బ్యాంకు ఆవిడ పక్కన కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీ పెద్దాయన, ముగ్గుబుట్టలాంటి తల. ఆయనా రామక్క గొంతుతోనే మాట్లాడాడు. “కరెంటున్నది, చిప్పులున్నయి. మనుషులు నమ్ముతలేరు. గదీ అసలు బాధ.” చర్చ నడిపే అమ్మాయి రామక్క గొంతుతో ఆయన్ని ఆపి, రామక్క గొంతుతోనే అనిల్‌కుమార్‌ని అడిగింది. నలుగురూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తుంటే, మంచుకొండ ముందు రామక్క తనతో తానే వాదులాడుకుంటున్నట్టు ఉంది. పదకొండు నెలలుగా ఖాళీగా ఉన్న ఆవిడ మంచం ఆ గదిలోనే, టీవీకి ఎడమ పక్కన ఉంది. అరుణశ్రీ అటు చూడకుండా కూర్చుంది.

“జనం మిషన్‌ను నమ్మరు, మనిషిని నమ్ముతరు,” అన్నాడు అనిల్‌కుమార్. “మేం మిషన్‌ల మనిషిని పెట్టినం. ఒక్కసారి వినుండ్రి.”

సభలో దీపాలు తగ్గాయి. అప్పుడు వచ్చింది అనువాదం కాని అసలు గొంతు.

“ఊపిరి ఆడకుంటే ఆగొద్దు బిడ్డా.”

ఒక చిన్న విరామం. గొంతు లోపల ఏదో కొస తెగినట్టుగా సన్నటి శ్వాస.

“ఎవల కోసం జూడకు. ఎంటనే దవాఖానకు పో.”

చప్పట్లు మోగాయి. చిప్పుల కంపెనీ పెద్దాయన కుర్చీలో ముందుకు వంగాడు. “నడుమల ఊపిరి దీసుకున్నది. మిషన్‌కు ఊపిరెందుకు? ఎట్ల నేర్పిండ్రు?”

రామక్క ఊపిరి గురించి రామక్క గొంతే అడుగుతోంది.

“మేం నేర్పలే,” అన్నాడు అనిల్‌కుమార్. “ఆమె ఆఖర్ల చెప్పిన నాలుగొందల వాక్యాలల్ల అది ఉన్నది. ఇంకెవల గొంతుల లేదు. పది గొంతులు జనానికి వినిపిస్తే వాళ్లు దీన్నే నమ్మిండ్రు. అందుకే ఇరవై రెండు భాషలకు గదే ఊపిరి పెడ్తున్నం.”

“ఆమె ఇప్పుడెక్కడున్నది?” అని అడిగింది బ్యాంకు ఆవిడ.

“ఊర్లనే ఉన్నది,” అన్నాడు అనిల్‌కుమార్, రామక్క గొంతుతో. “మంచిగున్నది.”

శివకుమార్ లేచి స్విచ్చు ఆపేశాడు. సుజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సారంగపాణి ఆరిపోయిన తెరను ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆయన మొహంలో దుఃఖం లేదు. లెక్క సరిచూసుకుంటున్న మనిషి మొహంలా ఉంది.

అరుణశ్రీ వంటింట్లోకి వెళ్లి నిలబడింది. ఫోన్ మోగింది. సెంటర్లో తనతో పనిచేసే చాంది. తండాలో వాళ్లంతా ఒకచోట చేరి చూసినట్టున్నారు, వెనక గోలగోలగా ఉంది.

“అక్కా, ఇన్నవా? గదే మాట గద మా కోడలికి చెప్పింది! రొమ్ము పట్టేసి ఊపిరి రాకుంటే, నా కొడుకు రూప్లా పొద్దుగాల పోదం అన్నడు. నేను ఫోన్ జేస్తే మీ అత్త తిట్టినట్టే చెప్పింది, ఎవల కోసం జూడకు పో అని. అప్పుడే ఆటో ఎక్కినం. పిల్ల బతికింది. మీ అత్త దేవత అక్కా.”

“అవ్,” అంది అరుణశ్రీ.

ఫోన్ పెట్టేసేసరికి పెరట్లోంచి పిలుపు వినిపించింది. “అరుణా, గిట్ల రా.”

సారంగపాణి బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలోని ఫోన్ స్పీకర్‌లో రామక్క గొంతు అడుగుతోంది: “చెప్పు బిడ్డా, ఏం తకలీఫున్నది?” ఆయన జవాబివ్వలేదు. అది మళ్లీ అడిగింది. రెండు మాటల మధ్య ఆ ఊపిరి వినబడగానే ఫోన్ ఆపేశాడు.

“నెల సంది దీనికి ఎందుకు ఫోన్ జేస్తున్ననో ఎరికేనా నీకు?”

“అత్తమ్మ యాదికొచ్చి.”

“అందరు గట్లనే అనుకుంటున్నరు. అనుకోనియ్ అనే ఊకున్న.” ఆయన చెప్పులోంచి కాలు బయటికి తీసి నేల మీద పెట్టాడు. “ముప్పై మూడేండ్లు బొగ్గు బాయి దిగిన. తట్ట మోసిన. ఒక్కోపాలి టోపీ లైటు ఆరిపోయేది. చీకట్ల నా పక్కపొంటి ఎవలున్నరో ఊపిరి ఇని పేరు చెప్పేటోన్ని. మాలో ఎవనికన్న లోపల జబ్బు మొదలైతే డాక్టర్‌కన్న ముందు మాకే ఎరికయ్యేది. వాడు దాసుకున్నా ఊపిరి దాసదు.”

అరుణశ్రీ గోడకు ఆనుకుంది.

“గట్ల కొస తెగినట్టొచ్చే ఊపిరి ఒక్క పూట జబ్బుకు రాదు బిడ్డా. మూడు నాలుగు రోజులు లోపల నీరు జేరితే వస్తది. నువ్వేమో శుక్రవారం పొద్దుగాల ఒక్కసారే అయిందంటివి. పండుకున్న మనిషి లేవలేదంటివి.” ఆయన గొంతు పెంచలేదు. “ఇప్పుడు ఆ కోటాయన ఆఖరి నాలుగొందలు అన్నడు. ఈ ఊపిరి ఎప్పటిది?”

పెరటి గోడ అవతల ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేస్తున్నారు. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మూడోసారి అందుకుని దూరంగా వెళ్లిపోయింది.

“సోమవారంది,” అంది అరుణశ్రీ. “సోమవారం సంది బేస్తవారం దాకా.”

ఆ వారం పినపాకలో సుజన ఇంటికి స్లాబ్ వేస్తున్నారు. మామ అక్కడికే వెళ్లాడు. శివకుమార్ కూడా డ్యూటీ దిగి అక్కడికే పోయేవాడు. ఇంట్లో అత్తాకోడళ్లే. గురువారం సాయంత్రానికి నాలుగు వందల వాక్యాలు పంపాలి. పంపితేనే సెంటర్ ఉంటుంది, లేకపోతే ఇంకో మండలానికి మారుస్తామన్నారు.

“జలుబనుకున్న మామా. మంగళవారం నాటికి జలుబు కాదని తెలిసింది. తెలిసి కూడా, ఇంకో నలభై వాక్యాలే అత్తమ్మా, అయిపోంగనే దవాఖానకు పోదం అన్న. కానియ్ బిడ్డా, నువ్వు మాటిచ్చినవు గద అన్నది. మళ్ల తెల్లారి కూడా గట్లనే అన్న.”

ఆయన ఫోన్‌ను బండ మీద పెట్టాడు.

“మాకొక రూలున్నది. ఊపిరి చప్పుడు ఇనపడితే ఆ వాక్యం పనికిరాదు, మళ్ల చెప్పియ్యాలె. సరిజూసేది నేనే. ప్రతి వాక్యం కింద ఊపిరి చప్పుడు ఉన్నదా, లేదా అని ఫోన్ అడుగుతది. లేదు అని టిక్కు పెట్టిన. నాలుగొందల సార్లు. లేకుంటే ఆమెతోని మళ్ల చెప్పియ్యాల్సొస్తది. గది ఆమెకు సాయం అనుకున్న.” ఆమె బండ దగ్గరికి వచ్చింది. “ఊపిరి ఆడకుంటే ఆగొద్దు బిడ్డా... ఆ వాక్యం బుధవారంది. నేనే చెవుల చెప్పిన. ఆమె చెప్తుంటే నడుమ ఆగింది. ఆమె మొఖం జూసిన. జూసి, ‘ఎవల కోసం జూడకు’ అని తర్వాతి ముక్క అందిచ్చిన.”

సారంగపాణి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బొగ్గు నల్లటి గీతలుగా చర్మంలోకి దిగిపోయిన చేతులు. ఎంత కడిగినా పోవని రామక్క విసుక్కునేది.

“శివునికి ఎరికేనా?”

“లేదు.”

“నేను అడగకుంటే నాకు చెప్పేదానివా?”

ఆయన కాలు మళ్లీ చెప్పులో పెట్టాడు.

“చూడు,” అన్నాడు. “నేను ఎవలకు చెప్ప. పర్ణశాల పోయిందంటవో, ఇంకేదన్న అంటవో నీ ఇష్టం. నువ్వు నోరిప్పకుంటే ఆ గొంతు ఆగది. నాకు గది కావాలె అరుణా. ఏ ఊపిరితోనైనా సరే, కావాలె.” ఆయన మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. “నీ మీద కోపం లేదని కాదు. ఆ కోపం ఎంతున్నదో నాకింకా తెలుస్తలేదు. కని దాన్ని మటుకు బంద్ పెట్టియ్యకు.”

ఆమె బండ దగ్గరి నుంచి కదిలి ఇంట్లోకి వస్తుంటే వెనకాల మళ్లీ వినిపించింది. “చెప్పు బిడ్డా, ఏం తకలీఫున్నది?”

సాయంత్రం దాకా అరుణశ్రీ ఏదో ఒక పని చేస్తూనే ఉంది. బియ్యం ఏరింది. ఉతికిన బట్టలు మడిచింది. మడిచిన వాటినే విప్పి మళ్లీ మడిచింది. నోరు విప్పకపోతే అందరికీ మేలేనని తనకు తానే చెప్పుకుంది. చాంది కోడలు బతికింది. అలాంటివాళ్లు ఇంకెందరో బతుకుతారు. మామకు గొంతు ఉంటుంది, సెంటరు ఉంటుంది. ఆ మాటలన్నీ సరైనవే. కానీ వాటి వెనకే ఇంకొకటి నడిచి వస్తోంది. ఇరవై రెండు భాషలు. పేరు కూడా తెలియని ఊళ్లలో, తెలియని మాటల మధ్యలో రామక్క బుధవారం నాటి ఊపిరి తెగుతూ ఉంటుంది. వినేవాళ్లు అది ప్రేమ అనుకుంటారు. ఆవిడకు అప్పుడు ఏమవుతోందో కళ్లారా చూసిన మనిషి భూమ్మీద ఒక్కతే. ఆ ఒక్కతీ రేపు కెమెరా వెనక నిలబడి, అత్తమ్మ పర్ణశాల పోయిందని చెబుతుంది.

దీపాలు పెట్టే వేళకు శివకుమార్, సుజన కలిసి మాట ఖాయం చేసుకున్నారు. హాల్లో కూర్చుని దాన్ని సరిచూసుకుంటున్నారు.

“పడవ మీద అవతలి ఒడ్డుకు పోయింది, ఫోన్ కలుస్తలేదందాం,” అంది సుజన.

“ఎవలతోని పోయిందంటే?”

“నాతోనంటే నేను ఈడనే ఉన్న. మా అత్తగారోళ్లతోని అందాం. వదినా, నువ్వు గిదే మాట మీదుండాలె. ఒక్కొక్కలం ఒక్కో తీరు చెప్తే దొరికిపోతం.”

సారంగపాణి పెరట్లోంచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కోడలి వంక చూడలేదు.

అరుణశ్రీ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. గొంతు పెంచలేదు. అన్నానికి పిలిచినంత మామూలుగా అంది.

“పర్ణశాల మాట వద్దు సుజనా. రేపు కెమెరా ముందల నేను కూసుంట. అత్తమ్మ పోయిందని చెప్త. ఆ రికార్డింగులకు టిక్కు పెట్టింది నేనని, ఆ ఊపిరి ఆమె జబ్బుదని చెప్త. ఆ తర్వాత గొంతు ఉంచుతరో తీసేస్తరో వాళ్లను తేల్చుకోనియ్యుండ్రి.”

సారంగపాణి కళ్లు మూసుకున్నాడు.

“జబ్బేంది?” అన్నాడు శివకుమార్. “అమ్మకు శుక్రవారం పొద్దుగాల గద అయింది. రికార్డింగులు బేస్తవారమే అయిపోయినయంటివి.”

అరుణశ్రీ వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

“అందుకే రేపు వాళ్లకు చెప్పేకన్న ముందు, ఇయ్యాల మీకు చెప్తున్న.”